ఇంటేక్ మానిఫోల్డ్ మార్చే ముందు: మా బావ ముస్తాంగ్ పుణ్యమా అని రాసిన గైడ్

మొన్న సంక్రాంతికి మా బావ విశాఖ నుంచి విజయనగరం ఫోర్డ్ ముస్తాంగ్ కారు వేసుకొచ్చాడు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, 5.0 లీటర్ల వీ8, కోట దగ్గర మా సందులోకి తిప్పడానికే పది నిమిషాలు పట్టింది, వెనకాల పిల్లలంతా ఊరేగింపు. భోజనాలయ్యాక ఫోన్ తీసి చూపించాడు, షెల్బీ జీటీ350 అనే ఇంకో రకం ముస్తాంగ్‌కి వచ్చే ఇంటేక్ మానిఫోల్డ్ అట, అంటే సిలిండర్లకి గాలి పంచే డబ్బా, "ఇది తెప్పించి వేయించీద్దామనుకుంటన్నాను బావా, పికప్ అదిరిపోద్దంట" అన్నాడు. నేను ఒక్కటే అడిగాను, "నీ బండి ఎప్పుడైనా 6,500 ఆర్పీఎం దాటిందా అసలు?" బావ కాసేపు ఆలోచించి "ఎక్కడ దాటిస్తాను, నాతవలస టోల్‌గేట్ దగ్గరా?" అన్నాడు.

ఈ గైడ్ మొత్తం ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. మానిఫోల్డ్ పవర్ పుట్టించదండి, ఉన్న టార్క్‌ని, అంటే ఇంజిన్ తిప్పే బలాన్ని, ఒక ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర తగ్గించి ఇంకో ఆర్పీఎం దగ్గర పెంచుతుంది, కాబట్టి మీ కాలు ఎక్కువసేపు ఏ ఆర్పీఎంలో ఉంటుందో తెలీకుండా కొనీడం అంటే కొలతలు తీయకుండా బట్ట కత్తిరించడమే.

ముందు ఆ డబ్బా లోపల ఏం జరుగుతుందో కొంచెం చూద్దాం, తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయండి. ఫిల్టర్లోంచి గాలి త్రాటిల్ బాడీకి వస్తుంది, అక్కణ్ణించి ప్లీనం అనే పెద్ద డబ్బాలోకి, దాంట్లోంచి ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొట్టం, ఆ గొట్టాల్నే రన్నర్లు అంటారు. మన చెరువు లెక్కే, ప్లీనం చెరువు, రన్నర్లు పొలాలకి పోయే బోదెలు, త్రాటిల్ బాడీ చెరువులోకి నీళ్ళొచ్చే మదుము. కాకపోతే నీళ్ళకి లేని పని గాలి ఒకటి చేస్తుంది. రన్నర్లో జోరుగా వస్తున్న గాలి వాల్వ్ మూసుకోగానే దానికి గుద్దుకుంటుంది, గూడ్స్ బండి ఆగినప్పుడు డబ్బాలు ఒకదాన్నొకటి తన్నుకుంటూ ఆ దెబ్బ టకటకా గార్డు దాకా పోతుంది చూడండి, అచ్చం అలాగే ఆ ప్రెషర్ దెబ్బ శబ్దం వేగంతో ప్లీనం వైపు వెళ్ళి, మళ్ళీ తిరిగొస్తుంది, అలా అటూ ఇటూ తిరుగుతుంది. సరిగ్గా వాల్వ్ తెరుచుకున్న టైముకి ప్రెషర్ దెబ్బ అక్కడ ఉందా, సిలిండర్లోకి గాలిని ఒక తోపు తోస్తుంది, ఫ్రీగా. రన్నర్ పొడుగైతే దెబ్బ తిరిగి రావడానికి టైము ఎక్కువ పడుతుంది కాబట్టి తక్కువ ఆర్పీఎంలో కుదురుతుంది, పొట్టిదైతే ఎక్కువ ఆర్పీఎంలో కుదురుతుంది. ఇంతే, మిగతాదంతా దీనికి తోకలు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1960లో క్రైస్లర్ 300ఎఫ్ అనే కారుకి ఇంజిన్ ఇటు పక్క నుంచి అటు పక్కకి పాకే రన్నర్లు పెట్టారు, దాదాపు 30 అంగుళాల పొడుగు, మామూలు రోడ్డు స్పీడుల్లో టార్క్ దంచేది, 375 హార్స్‌పవర్. దాంట్లోనే 400 హార్స్‌పవర్ది ఇంకోటి ఇచ్చారు, బయటికి చూస్తే గొట్టాలు అంతే పొడుగు, లోపల మధ్య గోడ సగం తీసేసి పని చేసే పొడుగు 15 అంగుళాలు చేశారంతే. అప్పటి వాళ్ళ లెక్కే ఇప్పటికీ అందరూ వాడతారు: ఆర్పీఎం, అంగుళాల్లో పొడుగు, రెండూ గుణిస్తే 84,000 రావాలి. 30 అంగుళాలకి 2,800, 15 అంగుళాలకి 5,600. సెంటీమీటర్లలో కావాలంటే 2,13,000 ని ఆర్పీఎంతో భాగించండి, 4,500 దగ్గర తోపు కావాలంటే 47 సెంటీమీటర్లు, 6,500 కి 33, 8,000 కి 27. ఈ పొడుగు వాల్వ్ దగ్గర్నుంచి ప్లీనం దాకా, అంటే హెడ్ (సిలిండర్ల పైన వాల్వ్‌లు ఉండే దిమ్మ) లోపలి పోర్టు, గాలి పోయే కన్నం, కూడా కలుపుకోవాలి, చాలామంది మానిఫోల్డ్ ఒక్కటే టేపు పెట్టి కొలిచీసి లెక్క తప్పుతారు. క్యామ్ టైమింగ్‌ని, అంటే వాల్వ్‌లు తెరిచి మూసే టైముని బట్టి ఇది అటూ ఇటూ జరుగుతుంది గానీ కొనే ముందు అమ్మేవాడి మాట నమ్మొచ్చో లేదో చూసుకోడానికి ఈ లెక్క చాలు. వాడు "లో ఎండ్ టార్క్ కూడా పెరుగుతుంది సార్" అంటాడు, ఫోటోలో చూస్తే రన్నర్లు జానెడు కూడా ఉండవు.

ఇప్పుడు పని మొదలుపెట్టండి. బండి కంప్యూటర్లోని అంకెలు ఫోన్‌కి పంపే ఓబీడీ డాంగిల్ ఒకటి వెయ్యి రూపాయల లోపు కొని, ఫోన్లో యాప్ పెట్టి, వారం రోజులు మీరు మామూలుగా ఎలా తోలుతారో అలాగే తోలుతూ ఆర్పీఎం, త్రాటిల్ శాతం రికార్డ్ చేయండి. బావ బండికి నేను చేయించింది అదే. విజయనగరం నుంచి శ్రీకాకుళం, అక్కణ్ణించి పలాస జీడిపప్పు పేరు చెప్పి ఒక ట్రిప్పు, ఇంటికొచ్చి చూస్తే హైవే మీద 100లో టాప్ గేర్లో ఇంజిన్ 2,000 లోపే తిరుగుతోంది, ఓవర్‌టేక్‌లో 3,500, ఎప్పుడైనా ఉత్సాహం వస్తే 4,500. ఇక్కడ ఇంకో లెక్క చూడండి, ఆ బండిలో సెకండ్ గేర్లో 6,500 కొట్టేసరికే స్పీడు 100 దాటిపోతుంది, థర్డ్‌లో అయితే 150 దాటుతుంది. నాలుగు లైన్ల హైవే మీద కారుకి లిమిటే 100. అంటే ఆ జీటీ350 మానిఫోల్డ్ పని చేసే చోటికి ఎన్‌హెచ్16 మీద చట్టప్రకారం వెళ్ళడానికి ఫస్ట్ గేర్ తప్ప దారి లేదు, మధ్యలో ఆవులూ ధాన్యం ఆరబోతలూ ఎదురొచ్చే బైకులూ సరేసరి.

జీటీ350 మానిఫోల్డ్ చెత్తదని కాదు నా మాట. అది 8,250 దాకా తిరిగే 5.2 ఇంజిన్ కోసం చేసింది, అంతకు ముందు 2012లో ముస్తాంగ్ బాస్ 302 మానిఫోల్డ్ కూడా అంతే, 7,500 రెడ్‌లైన్ (దాటి తిప్పకూడని ఆర్పీఎం) ఉన్న ఇంజిన్ కోసం పొట్టి రన్నర్లతో చేశారు, దానికి హెడ్లూ క్యామ్‌లూ కూడా వేరే. మామూలు 5.0 మీద పెడితే కింద టార్క్ పోయి పైన వస్తుంది, పైకి వెళ్ళేవాడికి బంగారం. మీరు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కో కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో బండి తీసుకెళ్ళి రెడ్‌లైన్ దగ్గరే ఉంచే రకమైతే ఆనందంగా కొనుక్కోండి. లేకపోతే నిలబెట్టి ఎక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి ఇదివరకటి కంటే నెమ్మదిగా కదులుతుంది, ముప్పై నలభై వేలు కాదు లక్షలు పెట్టి పికప్ తగ్గించుకున్నట్టు.

మంచి కంపెనీలైతే రేంజ్ వాళ్ళే చెప్పేస్తారు. ఎడెల్‌బ్రాక్ వాళ్ళ పాత వీ8 మానిఫోల్డ్‌లు చూడండి, పర్ఫార్మర్ అంటే ఐడిల్ నుంచి 5,500, పర్ఫార్మర్ ఆర్పీఎం అంటే 1,500 నుంచి 6,500, విక్టర్ జూనియర్ అంటే 3,500 నుంచి పైకి. ఇలా రేంజ్ రాయకుండా పీక్ హార్స్‌పవర్ ఒక్కటే పెద్దక్షరాల్లో వేసినవాణ్ణి డైనో (ఇంజిన్ బలం కొలిచే యంత్రం) గ్రాఫ్ మొత్తం అడగండి, 2,000 నుంచి రెడ్‌లైన్ దాకా, పాత మానిఫోల్డ్ గీత కూడా అదే కాగితం మీద ఉండాలి. గ్రాఫ్ 4,500 నుంచి మొదలైతే దానికి ముందు చూపించకూడనిది ఏదో ఉన్నట్టే.

సరే, మీ ఇంజిన్‌కి నిజంగా గాలి చాలట్లేదా అన్నది ఇంకో ప్రశ్న. టర్బో లేని బండికి ఇది పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు, మన జిల్లాల్లో ఇంకా తేలిక ఎందుకంటే శ్రీకాకుళమైనా విజయనగరమైనా సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో లేవు, బయట గాలి ప్రెషర్ 100, 101 కిలోపాస్కల్ దగ్గర ఉంటుంది. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్ చేస్తే మానిఫోల్డ్ లోపలి ప్రెషర్ చూసే మ్యాప్ సెన్సర్ ఆ అంకె చూపిస్తుంది, రాసుకోండి. తర్వాత ఖాళీ రోడ్డులో కింది గేర్లో త్రాటిల్ పూర్తిగా తొక్కి రెడ్‌లైన్ దగ్గర ఎంత ఉందో లాగ్‌లో చూడండి. 99 ఉందంటే ప్లీనం దాకా గాలి బాగానే వస్తోంది, ఫిల్టర్, త్రాటిల్ బాడీ మార్చినా ఒరిగేదేం లేదు. 94, 95 కి పడిపోయిందంటే ముందు ఫిల్టర్ తీసి చూడండి, సగం బండ్లలో అక్కడే వ్యవహారం తేలిపోతుంది, మాకు తెలిసిన ఒకతని ఫిల్టర్లో ఎలక నమిలేసిన గుడ్డ పీలికలు దొరికాయి. ఈ పరీక్ష రన్నర్ల గురించి చెప్పదు, ప్లీనం ముందు భాగం గురించే చెబుతుంది, అది గుర్తుంచుకోండి.

త్రాటిల్ బాడీ పెద్దది చేస్తే ఏమవుతుందని అందరూ అడుగుతారు. 60 మిల్లీమీటర్లది 64 చేస్తే నోరు 14 శాతం పెరుగుతుంది, 68 చేస్తే 28 శాతం. కానీ పెడల్ కొంచెం తాకగానే గాలి ఎక్కువ పోతుంది కాబట్టి బండి "ఓహో పికప్ వచ్చీసింది" అనిపిస్తుంది, అది పెడల్ మాయ, పూర్తిగా తొక్కినప్పుడు తేడా మీ మ్యాప్ లాగ్‌లో ఎంత మిగిలి ఉందో అంతే వస్తుంది. విజయనగరం మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర ట్రాఫిక్‌లో ఆ ఎగిరెగిరి పడే పెడల్‌తో రెండ్రోజులు తోలాక చిరాకు మొదలవుతుంది.

ప్లీనం సైజు, రన్నర్ లావు విషయానికొస్తే, ప్లీనం మామూలుగా ఇంజిన్ సీసీకి ముప్పావు వంతు నుంచి ఒకటిన్నర రెట్ల దాకా ఉంటుంది, పెద్దదైతే పైన బాగుంటుంది గానీ త్రాటిల్‌కి జవాబు కొంచెం ఆలస్యం. రన్నర్ లావు మరీ ఎక్కువైతే గాలి జోరు తగ్గిపోతుంది, కింద ఆర్పీఎంలో ఇంజిన్ నిద్రపోతుంది. ఫోటో అడిగేటప్పుడు ప్లీనం లోపల రన్నర్ మూతి ఎలా ఉందో అడగండి, సన్నాయి మూతిలా గుండ్రంగా విచ్చుకుని ఉండాలి, గొట్టం కోసి అతికించినట్టు పదునైన అంచు ఉంటే అక్కడే గాలి చెదిరిపోతుంది. హెడ్ వైపు మూతి హెడ్ పోర్టు కంటే పెద్దగా ఉండకూడదు, ఉంటే గాలికి మెట్టు అడ్డం వస్తుంది, కొంచెం చిన్నగా ఉన్నా ఫర్వాలేదు.

ఇంకోటి, అన్ని సిలిండర్లకీ సమానంగా గాలి వెళ్ళాలి. త్రాటిల్ ఒక చివర ఉండే డబ్బాల్లో రెండో చివర ఉన్న సిలిండర్‌కి గాలి ఎక్కువ పోయే అవకాశం ఉంది, ఇంజెక్టర్లు మాత్రం అందరికీ ఒకే పెట్రోల్ పోస్తాయి, అప్పుడు ఆ ఒక్క సిలిండర్ లీన్ అయి, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేక, నాకింగ్ కొట్టి పిస్టన్ తినేస్తుంది. టర్బో బండ్లలో ఇది మరీ ప్రమాదం. గాలి ఎంత పోతుందో కొలిచే ఫ్లో బెంచ్ మీద రన్నర్ రన్నర్‌కీ అంకెలు ఉన్నాయా అని అడగండి, రెండు మూడు శాతం తేడాలో ఉంటే పెళ్ళి చేసుకోవచ్చు.

టర్బో అన్నాను కదా, ఒక్క మాట. టర్బోనే గాలి తోస్తుంది కాబట్టి రన్నర్ పొడుగు లెక్కకి అంత విలువ లేదు, సమానంగా పంచడం, చల్లగా ఉంచడం ముఖ్యం. మన దగ్గర ఎక్కువ కనిపించే ఫోక్స్‌వ్యాగన్, స్కోడా 1.0 టీఎస్ఐ, పాత పోలో జీటీ 1.2 టీఎస్ఐ వీటిల్లో అయితే నీళ్ళతో చల్లబరిచే ఇంటర్‌కూలర్ మానిఫోల్డ్ లోపలే కూర్చుని ఉంటుంది. దాన్ని మార్చాలంటే ఇంటర్‌కూలర్, దాని పైపులు, పంపు అన్నీ మళ్ళీ కొత్తగా చేయాలి. ఆ బండ్లవాళ్ళు ఇక్కడితో ఆపి ఆ డబ్బు టైర్లకి పెట్టుకోండి, నిజంగా చెప్తున్నా.

మెటీరియల్ దగ్గర మన ఎండ సంగతి మర్చిపోకూడదు. కంపెనీ మానిఫోల్డ్ ఎక్కువగా గాజు పోగులు కలిపిన నైలాన్ ప్లాస్టిక్, చూడ్డానికి చవకగా ఉంటుంది గానీ వేడి లాగదు, లోపల నున్నగా ఉంటుంది, తేలిక. అల్యూమినియం గట్టిది, మెరుస్తుంది, బానెట్ ఎత్తితే నలుగురూ చూస్తారు, హెడ్ వేడంతా పీల్చుకుని గాలికి ఇచ్చేస్తుంది కూడా. మే నెలలో మిట్టమధ్యాహ్నం రైల్వే గేటు దగ్గర పావుగంట ఆగితే డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. లోపలికెళ్ళే గాలి 10 డిగ్రీలు వేడెక్కితే మూడు శాతం పల్చబడుతుంది, కొత్త మానిఫోల్డ్ ఇచ్చిన లాభం అక్కడే ఆవిరైపోతుంది. అల్యూమినియమే కావాలంటే హెడ్‌కీ దానికీ మధ్య వేడి ఆపే మందపు గాస్కెట్, ఫినాలిక్ స్పేసర్ అంటారు, అది దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి, దాని మందం వల్ల డబ్బా పైకి లేస్తుంది కాబట్టి బానెట్ లెక్క కూడా. ఇంకా కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళవాళ్ళైతే పాలిష్ చేసిన అల్యూమినియం ఉప్పు గాలికి రెండు వానాకాలాల్లో తెల్లబడి పొక్కిపోతుంది, పౌడర్ కోటింగ్ ఉన్నది తీసుకోండి.

ఇక్కడ నా సొంత బుర్ర తక్కువ పని ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట నా దగ్గర హోండా సిటీ 1.5 వీటెక్ ఉండేది, 106 గుర్రాలు, ఆ వయసులో అదే నాకు రేస్ కారు. ఆన్‌లైన్లో చవగ్గా అల్యూమినియం మానిఫోల్డ్ ఒకటి తెప్పించాను, పేరు కూడా లేదు దాని మీద. మా మేస్త్రీ దాన్ని బల్ల మీద బోర్లించి తట్టగానే సన్నటి ఇసక రాలింది. "ఏటి బావూ ఇది, నాగావళి ఇసకంతా ఇందులోనే పోసీసినారేటి" అన్నాడు. పోత పోసినప్పటి అచ్చు ఇసక, కడక్కుండా డబ్బాలో పెట్టి పంపేశారు, అలాగే బిగించి ఉంటే సిలిండర్ గోడలు గీరుకుపోయి ఇంజిన్ బోరు కొట్టించాల్సి వచ్చేది. కిరసనాయిలు పోసి బాటిల్ బ్రష్‌తో నాలుగుసార్లు కడిగాం. ఆ తర్వాత ఫ్లాంజ్, అంటే హెడ్‌కి ఆనుకుని బిగించే పట్టీ, బోల్టు కన్నం ఒకటి కలవలేదని వెల్డింగ్ షాపుకి తీసుకెళ్తే ఆర్గాన్ వెల్డింగ్ చేసిచ్చారు, చూడ్డానికి బ్రహ్మాండం, ఆ వేడికి ఫ్లాంజ్ వంగిపోయింది. బిగించాక ఐడిల్‌లో ఈల, ఆర్పీఎం 700 నుంచి 1,500 కి ఊయల. నెల రోజులు తిరిగాను ఆ ఈలతో, సిగ్గు లేకుండా.

అందుకే పార్సిల్ రాగానే బండి దగ్గరికి వెళ్ళకండి. స్టీల్ స్కేలు ఫ్లాంజ్ మీద పొడుగ్గా, ఐమూలగా పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి, 0.1 మిల్లీమీటర్ ఆకు దూరిందంటే లేత్ షాపులో మిల్లింగ్ చేయించాలి లేదా వెనక్కి పంపాలి. టార్చి వేసి ప్రతి రన్నర్ లోపలా చూడండి, పోత రెక్కలు, వెల్డింగ్ ముద్దలు వేలికి తగిలితే వదలకండి. ఒక వైపు మూసేసి నీళ్ళు పోసి చెమ్మ ఎక్కడైనా ఊరుతోందా చూడండి, పోతలో సూది కన్నాలుంటే బయటపడతాయి.

కొనేముందు అంటే ఇంకా డబ్బులు చేతిలో ఉండగా చూసుకోవాల్సింది అమరిక. బ్రేక్ బూస్టర్ గొట్టానికి కన్నం ఉందా, పీసీవీ అనే ఇంజిన్ లోపలి ఆవిరి గొట్టం, పెట్రోల్ ట్యాంక్ ఆవిరి గొట్టం, మ్యాప్ సెన్సర్, గాలి వేడి చూసే సెన్సర్, వీటన్నిటికీ చోటు ఉందా, మీ ఇంజెక్టర్లూ ఫ్యూయల్ రైలూ కూర్చుంటాయా. మన బండ్లు రైట్ హ్యాండ్, బూస్టర్ కుడివైపు ఉంటుంది, అమెరికా కిట్‌లో హోస్ లెఫ్ట్ హ్యాండ్ బండికి కొలిచి కోసింది, అది చాలదు, బ్రేక్‌తో ఆటలొద్దు, వాక్యూమ్‌కి ఒత్తుకుపోని అసలైన బూస్టర్ హోసే వేయించండి, పెట్రోల్ పైపు ముక్కతో అతుకులు వద్దు. పక్కన తగిలేవి కూడా చూడండి, హోండా కే సిరీస్‌లో బాగా పేరున్న ఆర్‌బీసీ మానిఫోల్డ్ కొన్ని ఇంజిన్ల మీద కూలెంట్ హౌసింగ్‌కి తగులుతుంది, త్రాటిల్ బాడీకి అడాప్టర్ కావాలి, ఇలాంటివి ప్రతి ఇంజిన్‌కీ ఏదో ఒకటి ఉంటుంది. బానెట్ కోసం మా మేస్త్రీ చిట్కా: పిల్లలు ఆడుకునే రంగు మట్టి ముద్దలు పాత మానిఫోల్డ్ మీద నాలుగు చోట్ల పెట్టి బానెట్ మెల్లిగా వేసి ఎత్తండి, మట్టి ఎంత మందంగా మిగిలిందో అంతే మీకున్న జాగా. కొత్తది పాతదానికంటే ఎంత ఎత్తో అడిగి తీసివేత చేసుకోండి, ఇంజిన్ ఊగుతుంది కాబట్టి ఒక సెంటీమీటరైనా మిగలాలి.

చాలా కొత్త ఇంజిన్లలో రన్నర్లలో చిన్న రెక్కలుంటాయి, చల్లగా ఉన్నప్పుడు గాలిని సుళ్ళు తిప్పడానికి, 2015 నుంచి వచ్చిన ముస్తాంగ్ 5.0లో కూడా ఉన్నాయి. జీటీ350 మానిఫోల్డ్‌లో అవి లేవు, ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, వాటికోసం వెతుక్కుని చెక్ ఇంజిన్ లైటు వేస్తుంది, ట్యూన్‌లో (ఆ కంప్యూటర్ సెట్టింగులు మార్చడంలో) ఆపించాలి.

ట్యూన్ గురించి. గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ ఉన్న బండి మానిఫోల్డ్ మార్పుని కొంతవరకు సర్దుకుంటుంది, మ్యాప్ సెన్సర్ మీద లెక్కలేసుకునే బండి సర్దుకోదు, దానికి ఏ ఆర్పీఎంలో సిలిండర్ ఎంత నిండుతుందో ఉన్న పట్టికంతా మళ్ళీ రాయాలి. డైనో కోసం హైదరాబాదో బెంగళూరో వెళ్ళాల్సిందే, ఆ రానుపోను పెట్రోల్ కూడా బడ్జెట్‌లో రాసుకోండి. అమెరికావాడు మెయిల్‌లో పంపే "93 ఆక్టేన్ ట్యూన్" మాత్రం యథాతథంగా వేయించకండి, వాళ్ళు ఆక్టేన్ లెక్కేసే పద్ధతి వేరు, వాళ్ళ 93 అంటే మన లెక్కలో దాదాపు 98, మన ఎక్స్‌పీ95 పెట్రోల్ అంటే వాళ్ళకి 90, 91 దగ్గర. పైగా మన పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్, మామూలు పెట్రోల్‌కి గాలి పెట్రోల్ నిష్పత్తి 14.7 అయితే దీనికి 13.5 దగ్గర, అంటే అదే గాలికి పెట్రోల్ ఎక్కువ పోయాలి. ఇవేవీ చెప్పకుండా ట్యూన్ అడిగితే ట్యూనర్ తప్పు కాదు.

ఖర్చులో అందరూ మర్చిపోయేది పార్సిల్. మానిఫోల్డ్ తేలిగ్గా ఉంటుంది, అట్టపెట్టె మాత్రం పెళ్ళి సామానంత. కొరియర్ వాళ్ళు పొడుగు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000 తో భాగిస్తారు, 75, 55, 35 పెట్టెకి 29 కిలోలు వస్తుంది, లోపల ఉన్నది 8 కిలోలైనా సరే. దానిపైన కస్టమ్స్, జీఎస్టీ. గాస్కెట్లు, ఓ రింగులు కూడా అదే పార్సిల్లో తెప్పించుకోండి, తర్వాత ముప్పై గ్రాముల రబ్బరు కోసం మళ్ళీ అదంతా కట్టాల్సి వస్తుంది.

చట్టం సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది, సెక్షన్ 182ఏ కింద ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉంది. రోడ్డు మీద ఆపినవాడు బానెట్ ఎత్తి రన్నర్లు కొలవడు, నిజమే, కానీ యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ సర్వేయర్ ఎత్తుతాడు. ట్రాక్‌కే తీసుకెళ్ళే బండి అయితే వేరు. వారంటీలో ఉన్న బండి అయితే అసలు ఈ గైడ్ చదవకండి.

బిగించేటప్పుడు రెండే ముఖ్యం. ఒకటి, పాత ప్యాకింగ్ గీకేటప్పుడు ప్రతి పోర్టులోనూ గుడ్డ కుక్కండి, ఎన్ని గుడ్డలు కుక్కారో కాగితం మీద రాసి తీసేటప్పుడు లెక్క పెట్టండి, నవ్వకండి, గుడ్డతో స్టార్ట్ చేసిన బండి నేను చూశాను. రెండోది, బోల్టులు మధ్యలోంచి మొదలెట్టి చివర్లకి, మూడు విడతల్లో, టార్క్ రెంచ్‌తో మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న అంకెకే. అల్యూమినియం హెడ్‌లో ఎం8 బోల్టుకి మామూలుగా 20, 25 న్యూటన్ మీటర్లే, అది చేతి పానాతో బలంగా లాగితే ఇట్టే దాటిపోతుంది, మర చచ్చిపోతుంది. గాస్కెట్ ఉన్నచోట అదనంగా సిలికాన్ పేస్టు పూయడం మన మెకానిక్‌లకి ప్రాణం, వద్దని పక్కన నిలబడి చెప్పండి, ఊడిన ముక్క నేరుగా వాల్వ్ మీదకి పోతుంది.

లీకు కోసం కొందరు అగరబత్తి వెలిగించి పొగ ఎటు లాగుతోందో చూస్తారు, ఇప్పుడే ఫ్యూయల్ రైలు ఊడదీసి పెట్టిన చోట నిప్పు, దేవుడికి ముందే దండం పెట్టినట్టు. స్మోక్ మెషీన్ ఉన్న షాపుకి వెళ్ళండి. లేదంటే ఇంజిన్ ఆపి ఇంటేక్‌కి చాలా కొద్దిగా గాలి పట్టి జాయింట్ల మీద సబ్బునీళ్ళు చల్లండి, బుడగ వచ్చిన చోటే లీకు.

తర్వాత మళ్ళీ అదే వెయ్యి రూపాయల డాంగిల్. ఫ్యూయల్ ట్రిమ్‌లు, అంటే కంప్యూటర్ తనంతట తాను పెట్రోల్ ఎంత పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పే శాతాలు, షార్ట్, లాంగ్ రెండూ కలిపి, ఐదు శాతం అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు. ఐడిల్‌లో ప్లస్ పది దాటి, ఆర్పీఎం పెంచుతుంటే తగ్గిపోతోందంటే ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి వస్తోంది. ఐడిల్‌లో బాగుండి లోడ్ మీద పెరుగుతోందంటే పెట్రోల్ చాలట్లేదు లేదా ట్యూన్ సరిగ్గా లేదు, అలా ఉన్నప్పుడు తొక్కి తోలకండి. 500 కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్ పూర్తిగా చల్లారినప్పుడు బోల్టులు ఇంకోసారి టార్క్ చూడండి.

బావ మాత్రం లాగ్‌లు చూసి రెండ్రోజులు మాట్లాడలేదు, మూడోరోజు ఫోన్ చేసి "మరి ఏటి చేయమంటావు" అన్నాడు. ఫిల్టర్ మార్చి, మన పెట్రోల్‌కి తగ్గ ట్యూన్ ఒకటి చేయించుకోమన్నాను, మానిఫోల్డ్ జోలికి పోలేదు, ఎప్పుడైనా చెన్నై ట్రాక్‌కి వెళ్తే అప్పుడు చూస్తాడట. మీరు మార్చినా సరే పాతది పాత ఇనుముకి అమ్మకండి, బండి అమ్మేటప్పుడు, క్లెయిమ్ వచ్చినప్పుడు అదే దిక్కు. కడిగి ఆరబెట్టి, అన్ని మూతులకీ టేపు వేసి, అటక మీద పెట్టండి. టేపు వేయకపోతే ఏమవుతుందో నా సిటీ మానిఫోల్డ్‌లో పిల్లలు పెట్టిన ఎలకని అడగాలి.